రొయ్యకి ఊపిరి, మనిషికి తువ్వాలు

మా పుట్టిల్లు భీమవరం పక్కన ఓ పల్లెటూరు. నా చిన్నప్పుడు వెనక వసారాలో నిలబడితే కనుచూపు మేరా వరి చేలే. ఇప్పుడు అక్కడే నిలబడితే చెరువులూ, వాటిలో తెల్లగా నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లూ. రాత్రి పడుకుంటే ఎక్కడో వాన కురుస్తున్నట్టే ఉంటుంది. మా అమ్మకిప్పుడు ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు. ఆగిందంటే టక్కున లేచి కూర్చుంటుంది. చప్పుడు ఆగిందంటే కరెంటు పోయినట్టు. కరెంటు పోతే రొయ్యకి ఊపిరాడనట్టు.

చెరువుల సంగతి తెలియని వాళ్ళ కోసం ఓ రెండు మాటలు. చెరువు నీళ్ళలో కంటికి కనపడని నాచు ఉంటుంది. పగలు ఎండ తగిలితే అది ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తిరిగి అదే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. పగలంతా మబ్బు పట్టి ఉంటే మరీనూ. 'డీవో పడిపోయింది' అంటారు మా వాళ్ళు. అప్పుడు రొయ్యలు అడుగు వదిలేసి పైకీ, గట్టు అంచుకీ వచ్చేస్తాయి. గంటా రెండు గంటల్లో నాలుగు నెలల కష్టం తేలిపోతుంది. అలాంటి వేళకని ఆక్సిజన్ బిళ్ళలు, పొడి, నీలం క్యాన్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి పెట్టుకుంటారు. నీళ్ళలో పోస్తే పెరాక్సైడ్ విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది, మిగిలేది నీళ్ళే.

ఈ 'మిగిలేది నీళ్ళే' అన్న మాట దగ్గరే నా గొడవంతా.

శ్రావణంలో అమ్మని చూసి నాలుగు రోజులుందామని రాజమండ్రి నుంచి వెళ్ళాను. మూడో రోజు పొద్దుట్నుంచీ ముసురు. అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. జనరేటరు అరగంట ఆడి మొరాయించింది. మూడున్నరకి తమ్ముడి ఫోను మోగింది. చెరువు దగ్గరుండే కుర్రాడు. పక్క లంక ఊరివాడు, పెళ్ళయి రెండేళ్ళయింది. "బాబుగారూ, రొయ్య అంచుకొచ్చేసిందండి" అంటున్నాడు, ఆ గొంతు నా గదిలోకి కూడా వినపడింది. "పెరాక్సైడ్ కొట్టెయ్యి, మెకానిక్కుని తీసుకుని నేనొచ్చేస్తున్నా" అని తమ్ముడు చొక్కా వేసుకుంటూనే పరిగెత్తాడు.

రొయ్య బతికింది. పొద్దున్నే ఆరింటికి ఇద్దరూ పెరట్లోకి వచ్చారు. తమ్ముడి మొహం వెలిగిపోతోంది. కుర్రాడు మాత్రం కొబ్బరి చెట్టుకి ఆనుకుని దగ్గుతున్నాడు. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. కాఫీ గ్లాసు అందిస్తుంటే వాడి వేళ్ళు చూశాను. కొసలన్నీ సున్నం అద్దినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "ఏమైందిరా?" అంటే, "ఆయ్, ఏం లేదండి, గొంతులో కొంచెం గరగరండి" అన్నాడు. అమ్మ బెల్లం ముక్క తెచ్చి పెట్టింది. బెల్లం తింటే ఊపిరితిత్తుల్లో దుమ్ము పోతుందని మా వైపు గట్టి నమ్మకం. గొంతులోంచి కడుపులోకి పోయే బెల్లం ఊపిరితిత్తుల్లోకి ఎలా వెళ్తుందో అమ్మని నేనెప్పుడూ అడగలేదు. ఆ పూటా అడగలేదు.

అడిగింది తమ్ముణ్ణి. "అక్కా, అది విషం కాదే. నీళ్ళూ ఆక్సిజనూ అంతే. బ్లీచింగ్ అయితే భయపడాలి గానీ" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. ఆ మాట నిజంగానే నమ్మాడు.

సాయంత్రానికి కుర్రాడు ఊపిరి తీస్తుంటే పిల్లనగ్రోవిలా ఈల వస్తోంది. పడుకోలేక కూర్చున్నాడు. తమ్ముడే కారులో భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, ఖర్చూ తనే పెట్టుకున్నాడు. అది చెప్పకపోతే తప్పవుతుంది. డాక్టరు గారు వింటూనే "ఏం పీల్చాడు?" అని అడిగారట. రెండు రోజులు ముక్కుకి గొట్టం పెట్టి ఉంచారు. రొయ్యకి ఆక్సిజన్ పోసొచ్చిన వాడికి ఆక్సిజన్ పెట్టారు. మా మరదలు ఫోనులో చెబుతూ నవ్వబోయి ఆగిపోయింది.

తర్వాత నేను వాడి దగ్గర కూర్చుని అంతా అడిగాను. బయట వాన కొడుతోందని షెడ్డు తలుపు మూసుకున్నాడట. లోపల రేకుల కింద రెండు క్యాన్లు వంచి బకెట్లలోకి పోశాడు. తొందరలో చిందింది. ముక్కుకీ మూతికీ తువ్వాలు కట్టుకున్నాడు, ఆ తువ్వాలు మీదా చిందింది. తడిసిన తువ్వాలుతోనే బకెట్టు తర్వాత బకెట్టు నింపాడు. అంటే మందు ముక్కుకి తగలకుండా కట్టుకున్న గుడ్డే, ఆ మందుని అరగంట సేపు ముక్కుకి అదిమి పట్టింది.

"మరి వాసన రాలేదా?" అన్నాను. "పెద్దగా రాలేదండి. అమోనియా అయితే తెలిసిపోద్ది గదండీ" అన్నాడు.

ఆ ఒక్క మాట దగ్గర వాడికి నాకన్నా ఎక్కువ తెలుసనిపించింది. మన వైపు ఐస్ ఫ్యాక్టరీ పక్క నుంచి నడిచిన వాళ్ళందరికీ అమోనియా తెలుసు. కొంచెం లీకయినా కళ్ళు మండి, కాళ్ళు వాటంతటవే పరిగెడతాయి. బ్లీచింగూ అంతే, ఘాటే హెచ్చరిక. పెరాక్సైడ్‌కి ఆ గుణం లేదు. కొద్దిగా చురుకైన వాసన, అదీ గమనిస్తేనే. వాసన రావట్లేదు కాబట్టి ఫరవాలేదు అనుకోవడానికి లేదు.

ఇంటికొచ్చాక మా అబ్బాయి కెమిస్ట్రీ పుస్తకాలూ, వాడు కంప్యూటర్లో తీసి ఇచ్చిన కాగితాలూ ముందేసుకుని కూర్చున్నాను. నాది బీఏ తెలుగు. వ్యాకరణం అర్థమైనంత తేలిగ్గా ఇది అర్థం కాలేదు గానీ, అర్థమైనంత వరకు చెప్తాను. మందుల షాపులో పుండు కడగడానికి మనం కొనుక్కునే సీసాలో పెరాక్సైడ్ 6 శాతం. సీసా మీద '20 వాల్యూమ్' అని ఉంటుంది. అంటే ఒక లీటరు మందు విడిపోతే 20 లీటర్ల ఆక్సిజన్ వస్తుందని. చెరువు దగ్గర నీలం క్యాన్లో ఉన్నది 50 శాతం. లీటరుకి దాదాపు 200 లీటర్ల ఆక్సిజన్. పేరు ఒకటే, మనిషి మీద చూపించే ప్రతాపం వేరు. పుండు మీద పోసినప్పుడు బుసబుసా పొంగే ఆ మంచి మందే ఇదీ అనుకోవడం, చలిమంటా కొలిమీ ఒకటే అనుకోవడం లాంటిది.

'మిగిలేది నీళ్ళే' అన్నది చెరువు విషయంలో నిజం. పని అయిపోయాక మిగిలేది నీళ్ళే. కానీ మన ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో కూడా అది ఆ 'పని' చేశాకే నీళ్ళవుతుంది. పని అంటే కాల్చడం. వాడి వేళ్ళు తెల్లబడింది అందుకే. వేళ్ళ మీద కనపడింది, లోపల కనపడలేదు. అమెరికాలో కార్మికులు ఎనిమిది గంటల పనిలో పీల్చే గాలిలో ఇది ఎంత దాటకూడదో చట్టంలో రాసుకున్నారు. పది లక్షల పాళ్ళ గాలిలో ఒక్క పాలు. 75 పాళ్ళకి చేరితే ప్రాణానికే ప్రమాదమని అక్కడి వాళ్ళ లెక్క. మూసిన షెడ్డులో, వేడెక్కిన రేకుల కింద, గాఢమైన మందుని చిందిస్తూ పోస్తే తుంపరా ఆవిరీ ఎంత చేరతాయో కొలిచేవాళ్ళు మన గట్ల మీద ఎవరూ లేరు.

ఇంకోటి. ఎక్కువగా పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఒక్కోసారి కొన్ని గంటల తర్వాత గానీ బయటపడదట. పొద్దున 'గరగర', సాయంత్రం ఈల. ఇలాంటివి పీల్చిన వాణ్ణి 'కాసేపు పడుకో, అదే పోతుంది' అనకూడదు. ముందు మంచి గాలిలోకి తేవాలి, తడిసిన బట్టలు విప్పించి ఒంటిని నీళ్ళతో బాగా కడిగించాలి. దగ్గూ ఆయాసమూ వదలకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఏం పీల్చాడో, ఎంత శాతమో డాక్టరుకి చెప్పాలి, వీలైతే క్యాన్ మీద కాగితం ఫోటో తీసుకెళ్ళాలి. పన్నెండు గంటలు బెల్లం పెట్టి కూర్చోబెట్టిన ఇంట్లో నేనూ ఉన్నాను కాబట్టి, ఇది ఒకళ్ళకి చెప్పే హోదాలో చెప్పడం లేదు.

తమ్ముడు సిగ్గుపడి, "ఎన్ తొంభై అయిదు మాస్కులు ఓ పెట్టె కొనేస్తానక్కా" అన్నాడు. కరోనా మనకి నేర్పిన చదువు అది. ఆ మాస్కు దుమ్మునీ తుంపరనీ ఆపుతుంది, ఆవిరిని ఆపదు. పోనీ ఆన్‌లైన్లో దొరికే, ముందు డబ్బాల్లాంటివి ఉండే గ్యాసు మాస్కు కొందామా అంటే, వాటిలో మామూలుగా ఉండేది బొగ్గు. పెరాక్సైడ్‌కీ బొగ్గుకీ పడదు, ఒకదాన్నొకటి వేడెక్కించుకుంటాయి. అందుకే పెరాక్సైడ్‌కి బొగ్గు డబ్బాలు వాడొద్దని అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ రాసిపెట్టింది. ఆవిరి మరీ ఎక్కువైన చోట విడిగా గాలి గొట్టం ఉన్న మాస్కు పెట్టుకోవాలట. చెరువు గట్టు మీద అది జరిగే పని కాదని నాకూ తెలుసు.

కాబట్టి మాస్కు కొనివ్వడంతో మన చేతులు కడుక్కోలేం. మందు మనిషి ముక్కు దాకా రాకుండా చూడటమే అసలు పని. అది ఖర్చు కన్నా ముందుచూపు అడుగుతుంది. క్యాన్లు మనిషి పడుకునే షెడ్డులో ఉండకూడదు. నీడగా, గాలాడే చోట, డీజిలుకీ గోనెలకీ మేతకీ దూరంగా వేరే పందిరి వేయాలి. వానైనా బయటే, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడే పోయాలి. క్యాన్ వంచకుండా చేతి పంపుతో తీస్తే చిందదు. ముందు బకెట్లో నీళ్ళు, ఆ తర్వాత మందు. రబ్బరు గ్లవ్సులు, కళ్ళకి మూసుకునే అద్దాలు. చిందిన బట్ట ఏదైనా ఆ క్షణమే విప్పి నీళ్ళలో పడేయాలి. అది ఆరితే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అన్నిటికన్నా ముందు జనరేటరు నెలకోసారి ఆడించి చూసుకోవాలి. అర్ధరాత్రి తొందర లేకపోతే తలుపు మూసుకుని పోసే అవసరమే రాదు. అన్నట్టు, ఆక్సిజన్ పొడి అయితే ఇబ్బంది లేదనుకోకండి. అందులో ఉన్నదీ ఇదే పెరాక్సైడు, సోడాతో కలిపి ఎండబెట్టింది. చల్లేటప్పుడు లేచే దుమ్ము కూడా ముక్కునీ గొంతునీ మండిస్తుంది. దానికైతే ఆ తొంభై అయిదు మాస్కు పనికొస్తుంది.

మగవాళ్ళ చెరువుల సంగతి మనకెందుకు, అని మీలో ఎవరైనా అనుకుంటున్నారేమో. చెరువు మగవాళ్ళదైనా, లెక్కల పుస్తకం చాలా ఇళ్ళల్లో మనదే. మా మరదలు రాసే పుస్తకం తిరగేశాను. మేత, పిల్ల, సున్నం, మినరల్స్, ఏరేటర్ల అద్దె, డీజిలు, ఆక్సిజన్ బిళ్ళలు. రొయ్య ఊపిరి కోసమే నాలుగు పద్దులున్నాయి. మనిషి ఊపిరికి ఒక్క పద్దూ లేదు. జీతం పద్దు ఉంది గానీ అది వాడి చేతులకిచ్చేది. తమ్ముడు దానికీ సమాధానం చెప్పాడు: "2025లో అమెరికా సుంకాలు పెంచిన దగ్గర్నుంచీ కౌంటు రేటు ఎలా ఉందో నీకు తెలుసా?" తెలుసు. అమ్మ గాజులు బ్యాంకులో ఉన్న సంగతి కూడా తెలుసు. కానీ నేనడిగిన పందిరి, పంపు, గ్లవ్సులు కలిపినా ఒక్క బస్తా మేత ఖరీదు చుట్టుపక్కలే. రేటు బాగున్న ఏడాది మాత్రం కొన్నామా?

చెరువు గట్టు ఫ్యాక్టరీ కాదు. ఇన్‌స్పెక్టరు రాడు, సైరన్ మోగదు. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోతే, తెల్లారేసరికి ఆ నోరు తిరగని పేరు ప్రతి ఇంట్లో వినపడింది. వినపడాల్సిందే. కానీ ఒక్కొక్క షెడ్డులో ఒక్కొక్క మనిషి పీల్చేది ఏ పేపర్లోనూ రాదు. దానికి మిగిలే ఇన్‌స్పెక్టర్లం ఆ ఇంటి వాళ్ళమే.

చెరువుల్లేని ఇళ్ళకీ ఇది దూరపు సంగతేమీ కాదు. 2021లో రెండో కరోనా అప్పుడు ఆక్సిజన్ సిలిండరు కోసం జనం పరుగులు పెడుతుంటే, పెరాక్సైడ్ చుక్కలు నెబ్యులైజర్లో వేసి పీల్చమనే సలహాలు దేశదేశాల్లో తిరిగాయి. 'ఇందులో ఆక్సిజనే కదా ఉన్నది' అనే అదే వాదన. ఆ సెప్టెంబరులో అమెరికాలోని ఆస్తమా అండ్ అలర్జీ ఫౌండేషన్ బహిరంగంగా చెప్పాల్సొచ్చింది, పీల్చవద్దు, ప్రమాదం అని. ఇంట్లో ఆయాసం మనిషి ఉన్నప్పుడు ఎవరేం చెప్పినా చెయ్యాలనిపిస్తుంది, ఆ బెంగ నాకూ తెలుసు. మళ్ళీ అలాంటి సలహా చేతికొస్తే అది ఇంకొకళ్ళకి పంపకండి.

బ్యూటీ పార్లర్ల సంగతి కూడా చెప్పాలి. మొహానికి పెట్టే బ్లీచిలోనూ, జుట్టు రంగులో కలిపే డెవలపర్‌లోనూ ఉన్నది ఇదే. డెవలపర్ సీసా మీద 20, 30, 40 అని ఉంటుంది, అంటే 6, 9, 12 శాతం. పెట్టించుకునే మనకి అది నెలకో అరగంట. ముందు గదిలో ఏసీ చల్లదనం పోతుందని కిటికీలు బిగించుకుని, పెళ్ళిళ్ళ సీజనంతా అందులోనే నిలబడే అమ్మాయికి? పెరాక్సైడుతో పాటు అమోనియా, రంగుల పొడి కూడా ఆమే పీలుస్తుంది. ఈసారి వెళ్ళినప్పుడు 'కిటికీ తియ్యమ్మా, నాకు చెమట పట్టినా ఫరవాలేదు' అనండి. మనం అడిగితేనే తీస్తుంది, తనంతట తను తియ్యదు.

ఇంతా రాసి పెరాక్సైడ్‌ని రాక్షసిని చేస్తున్నానేమో. అది కాదు నా ఉద్దేశం. యాంటీబయాటిక్కులు పోసి రొయ్యని ఓడరేవు నుంచి వెనక్కి తెప్పించుకునే దాని కన్నా, మిగలకుండా నీళ్ళైపోయే మందు నయమే. అమెరికాలో చేపల జబ్బులకి 35 శాతం పెరాక్సైడ్‌ని మందుగా 2007లో ఒప్పుకున్నారు కూడా. మందు మంచిదే. పోసేవాణ్ణి లెక్కలోకి తీసుకోకపోవడం దగ్గరే నా పేచీ.

మా డిగ్రీలో తెలుగు మేడమ్ ఒకరోజు 'ఉసురు' అన్న మాట మీద గంట సేపు పాఠం చెప్పారు. ఉసురు అంటే ఊపిరి, ప్రాణం. బాధపడ్డ వాడి శాపం కూడా ఉసురే. 'వాడి ఉసురు తగులుతుంది' అంటాం కదా. ఒకే మాటకి రెండూ ఎలా వచ్చాయో అప్పుడు పరీక్ష కోసం రాసుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు ఆ కుర్రాడి భార్య చంకలో పిల్లాడితో మా అరుగు మీద కూర్చుని, ఎవరినీ ఏమీ అనకుండా, "మళ్ళీ ఎప్పుడు పనిలోకి రమ్మంటారండీ?" అని అడిగినప్పుడు అది గుర్తొచ్చింది. అప్పుడు నేనేం మాట్లాడలేదు. పన్నెండు రోజులు వాడు పనికి వెళ్ళలేదు. ఆ జీతం కోయొద్దని అమ్మ గట్టిగా చెప్పింది, తమ్ముడు కోయలేదు.

దసరాకి మళ్ళీ వెళ్ళొచ్చాను. షెడ్డుకి ఇరవై అడుగుల దూరంలో తాటాకు పందిరి వేశారు. క్యాన్లు దాని కింద ఉన్నాయి, పక్కన నీళ్ళ డ్రమ్ము, చేతి పంపు. మరదలి పుస్తకంలో ఆ పద్దు 'ఇతర ఖర్చులు' కింద రాసుంది. వేరే పేజీలో రాయమన్నాను. "రాస్తాలెండి వదినా" అంది. కళ్ళద్దాలు మాత్రం షెడ్డులో మేకుకి వేలాడుతున్నాయి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఏరా అంటే, "పక్క చెరువుల వాళ్ళు నవ్వుతున్నారండి" అన్నాడు. పక్క చెరువు ఎవరిదో అడిగాను. మా పెద్దనాన్న కొడుకుదే. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి వదినతో కూర్చున్నాను.